మురుగునీటిలో మందు ఎంతుంది? తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలికి బహిరంగ లేఖ

మండలి ఛైర్మన్ గారికి, సభ్య కార్యదర్శి గారికి,

నేను హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసే మైక్రోబయాలజిస్టును. రోగుల రక్తం, మూత్రం, చీము, వెంటిలేటర్ గొట్టంలోంచి లాగిన కఫం మా బల్ల మీదికి వస్తాయి. వాటిలో ఏ బ్యాక్టీరియా పెరుగుతోందో, దానికి ఏ మందు పనిచేస్తుందో తేల్చి చెప్పడం మా పని. ఇలాంటివాళ్లు గోడు చెప్పుకోవాల్సింది వైద్య ఆరోగ్య శాఖకు కదా, మాకెందుకు రాస్తున్నారని మీకు అనిపించవచ్చు. మా రిపోర్టుల్లో కనబడుతున్న గడ్డు పరిస్థితిలో కొంత వాటా మీరు అనుమతులిచ్చే కాలువలది. ఆ వాటా మీద చేయి వేసే అధికారం ఆరోగ్య శాఖకు లేదు. మీకుంది.

బ్యాక్టీరియా మందుకు అలవాటు పడిపోతుందని చాలామంది అనుకుంటారు. మా ప్లేట్ల మీద ఎక్కువగా చూసేది మాత్రం బ్యాక్టీరియా మందును విరగ్గొట్టడం. అమాక్సిసిలిన్, సెఫిక్సిమ్, సెఫ్‌ట్రయాక్సోన్, మెరోపెనెమ్... మెడికల్ షాపు అరల్లోనూ ఐసీయూ ట్రేలోనూ ఎక్కువ చోటు ఈ కుటుంబానిదే. వీటన్నిటి నడుమ నాలుగు పరమాణువుల చిన్న వలయం ఉంటుంది. బీటా-లాక్టమ్ వలయం అంటాం. బ్యాక్టీరియా తన గోడ కట్టుకోవడానికి వాడే ప్రొటీన్లకు మందు ఈ వలయంతోనే అతుక్కుని వాటిని కదలనివ్వదు. గోడ నిలవక బ్యాక్టీరియా పగిలిపోతుంది. బీటా-లాక్టమేజ్ అనే ఎంజైమ్ ఒక నీటి అణువును చేర్చి ఆ వలయాన్ని తెంచేస్తుంది. తెగిన తర్వాత మందు ఒంట్లో ఎంత ఉన్నా లెక్కలోకి రాదు. ఈ ఎంజైముల్లో చురుకైనవాటి ఒక్క అణువుకే సెకనుకు వెయ్యి పెన్సిలిన్ అణువుల్ని తెంచే సత్తా ఉంది. తెంచినందువల్ల అది ఖర్చయిపోదు, వెంటనే ఇంకోదాని మీద పడుతుంది. అన్నిటికన్నా చికాకు పెట్టే సంగతి మరొకటి. ఒకే పుండులో ఎంజైమ్ ఉన్న బ్యాక్టీరియా, లేని బ్యాక్టీరియా కలిసి ఉంటే, ఉన్నది చుట్టుపక్కల మందునంతా నాశనం చేసి లేనిదాన్ని కూడా బతికిస్తుంది.

ఇదేమీ నిన్నమొన్నటి వింత కాదు. ఈ.కోలై అనే బ్యాక్టీరియా నుంచి తీసిన రసం పెన్సిలిన్‌ను పనికిరాకుండా చేస్తోందని ఆక్స్‌ఫర్డ్‌లో ఎడ్వర్డ్ అబ్రహామ్, ఎర్నెస్ట్ చెయిన్ 1940 డిసెంబరులోనే ప్రచురించారు. అదే ఊళ్లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసు కానిస్టేబులుకు పెన్సిలిన్ ఎక్కించి వైద్యం మొదలుపెట్టింది 1941 ఫిబ్రవరిలో. అంటే మందు వార్డులోకి రాకముందే దాన్ని విరిచే ఎంజైమ్ అచ్చులోకి ఎక్కింది. మట్టిలో బూజులకూ బ్యాక్టీరియాకూ మధ్య ఈ తగాదా మనిషి పుట్టక ముందునుంచీ ఉంది. మనం చేసిందల్లా ఎంజైమ్ లేనివాటిని రోజూ చంపుతూ, ఉన్నవాటికి చోటు ఖాళీ చేసి పెట్టడం.

ఆ తర్వాత కథ పోటాపోటీగా నడిచింది. 1970లలో బీచమ్ కంపెనీ శాస్త్రవేత్తలు క్లావులానిక్ యాసిడ్ కనిపెట్టారు. తానుగా బ్యాక్టీరియాను పెద్దగా చంపదు గానీ, ఎంజైమ్‌కు ఎరగా చిక్కి దాన్ని కదలకుండా చేస్తుంది. ఈలోగా పక్కనున్న అమాక్సిసిలిన్ తన పని చేసుకుంటుంది. ఇవాళ దగ్గుకూ పంటి నొప్పికీ కూడా రాసేస్తున్న ఆ జోడీ మాత్ర అలా పుట్టిందే. బ్యాక్టీరియా సెఫిక్సిమ్, సెఫ్‌ట్రయాక్సోన్ లాంటి సెఫలోస్పోరిన్లను కూడా తెంచే ఈఎస్‌బీఎల్ ఎంజైములతో జవాబిచ్చింది. వాటిలో లోకమంతా పాకిన సీటీఎక్స్-ఎం-15 అనే రకాన్ని మొదట గుర్తించింది 1999లో న్యూఢిల్లీ ఆసుపత్రి నమూనాల్లోనే. సెఫలోస్పోరిన్లు చేతులెత్తేశాక డాక్టర్లు మెరోపెనెమ్ లాంటి కార్బపెనెమ్‌ల వైపు మళ్లారు. 2008లో స్వీడన్‌లో, అంతకుముందు న్యూఢిల్లీలో ఆసుపత్రి పాలైన ఒక భారతీయ సంతతి రోగి ఒంట్లోని క్లెబ్సియెల్లా బ్యాక్టీరియాలో వాటినీ తెంచే ఎన్‌డీఎం-1 (న్యూఢిల్లీ మెటలో-బీటా-లాక్టమేజ్) దొరికింది. దాని గర్భంలో జింకు అయాన్లు ఉంటాయి. క్లావులానిక్ యాసిడ్ వేసే ఎర దీని ముందు పనిచేయదు. ఆ పేరులో ఢిల్లీ ఉందని 2010లో మనవాళ్లు చేసిన రభసలో సగమైనా ఆ ఎంజైమ్ మీద చేసి ఉంటే బాగుండేది.

ఇక వార్డులోకి రండి. షుగర్ ఉన్న ఒక పెద్దావిడ మూత్రం ఇన్ఫెక్షన్‌తో వచ్చిందనుకోండి. బీపీ పడిపోతోంది, జ్వరం దిగడం లేదు. రక్తం కల్చర్‌కు పంపుతారు. మా దగ్గర బ్యాక్టీరియా పెరగడానికి ఒక రోజు, దాన్ని గుర్తుపట్టి మందులతో పరీక్షించడానికి ఇంకో రోజు పడుతుంది. డాక్టరు అంతదాకా ఆగలేడు. సెప్సిస్‌లో పనిచేసే మందు పడటం గంటలు ఆలస్యమైన కొద్దీ బతికే అవకాశం తగ్గుతూ పోతుంది. అందుకని మెరోపెనెమ్ మొదలుపెడతాడు. ఆ బ్యాక్టీరియాలో ఎన్‌డీఎం ఉంటే ఆ రెండు రోజులూ ఆమెకు మందు ఇవ్వనట్టే లెక్క. సెలైన్ సీసా కారుతూనే ఉంటుంది, బిల్లు పెరుగుతూనే ఉంటుంది, లోపల మందు తెగిపోతూనే ఉంటుంది.

మూడో రోజు మా రిపోర్టు వెళ్తుంది. అప్పుడు డాక్టరు అడిగే ప్రశ్న, ఏ ఎంజైమ్ అని. పాతికేళ్ల కిందట ఈ ప్రశ్న అడిగేవాళ్లు అరుదు, ఇప్పుడు వైద్యమంతా దాని మీదే ఆధారపడి ఉంది. అమెరికాలో ఎక్కువగా కనిపించిన కేపీసీ అయితే సెఫ్టాజిడైమ్-అవిబాక్టమ్ అనే జోడీ పనిచేస్తుంది. ఆక్సా-48 తరహాదైనా పనిచేస్తుంది. ఎన్‌డీఎం అయితే రోజుకు వేల రూపాయలు పోసినా ఆ జోడీ ఒక్కటే దండగ. ఎన్‌డీఎం తెంచలేని పాత మందు ఒకటుంది, అజ్‌ట్రియోనామ్. కానీ ఎన్‌డీఎం ఉన్న బ్యాక్టీరియాలో సాధారణంగా ఈఎస్‌బీఎల్ కూడా ఉంటుంది, అది అజ్‌ట్రియోనామ్‌ను తెంచేస్తుంది. అందుకని ఈఎస్‌బీఎల్‌ను ఆపడానికి అవిబాక్టమ్, బ్యాక్టీరియాను చంపడానికి అజ్‌ట్రియోనామ్, రెండూ కలిపి ఎక్కించాలి. మన దగ్గర ఎన్‌డీఎం, ఆక్సా-48 తరహా రెండూ ఉన్నాయి, ఒక్కోసారి ఒకే బ్యాక్టీరియాలో ఉంటాయి. ఇంత డబ్బు లేనివాళ్లకు మిగిలేది కొలిస్టిన్. కిడ్నీలను దెబ్బతీస్తోందని 1970లలో డాక్టర్లు పక్కన పెట్టేసిన మందు అది. అప్పటికే కిడ్నీలు బలహీనంగా ఉన్న మనిషికి దాన్ని రాసే డాక్టరు మొహం మీరు ఎప్పుడైనా చూడాలి.

ఇప్పుడు మీ దగ్గరికి వస్తాను. ఈ ఎంజైముల జన్యువులు ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్‌ఏ చుట్టల మీద ఉంటాయి. ఒక బ్యాక్టీరియా వాటిని ఇంకో బ్యాక్టీరియాకు, జాతి వేరైనా సరే, నేరుగా అందించేస్తుంది. మనిషి పేగులో ఉన్న ఈ.కోలై నుంచి మురుగులో ఉన్న క్లెబ్సియెల్లాకు, అక్కడినుంచి ఇంకోదానికి. 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో న్యూఢిల్లీ వీధుల్లో నిలిచిన నీళ్ల నమూనాలు 171 తీసుకుంటే 51లో, కుళాయి నీళ్లు 50 తీసుకుంటే 2లో ఎన్‌డీఎం-1 జన్యువు దొరికింది. ఆసుపత్రి గేటు దాటి చాలా దూరం వచ్చేసిందన్నమాట.

హైదరాబాద్ సంగతి మీకు నాకంటే బాగా తెలియాలి. ప్రభుత్వ రంగ మందుల కంపెనీ ఐడీపీఎల్ వచ్చిన 1960ల నుంచి ఇది బల్క్ డ్రగ్స్ ఊరు. దాని మంచీ మనం తిన్నాం, చెడూ మనమే మోశాం. పటాన్‌చెరు పరిసరాల్లో ఆ చెడు ఎక్కువ మోసినవాళ్లు నక్కవాగు పక్క రైతులు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం ప్రచురించిన లెక్క మీ ఫైళ్లలో ఉండే ఉంటుంది. దాదాపు 90 బల్క్ డ్రగ్ పరిశ్రమల వ్యర్థజలాలు శుద్ధి చేసే పటాన్‌చెరు ఉమ్మడి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. పూర్తిగా శుద్ధి అయ్యాక ఉన్న లెక్క ఇది. 500 మిల్లీగ్రాముల సిప్రో మాత్ర మింగిన మనిషి రక్తంలో మందు అత్యధికంగా ఉన్నప్పుడు కూడా లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములే ఉంటుంది. అంటే వాగులోకి వదిలింది రోగి రక్తంలో కంటే పది రెట్లు చిక్కని మందు. రోజుకు దాదాపు 45 కిలోల సిప్రో అలా పోతోందని, స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో మింగేదానికి అది సమానమని వాళ్లు లెక్కగట్టారు.

సిప్రో బీటా-లాక్టమ్ కాదు, బీటా-లాక్టమేజ్ దాన్ని ముట్టుకోదు, మరి ఇక్కడ దాని ప్రసక్తి ఎందుకని మీ సాంకేతిక కమిటీలో ఎవరైనా అడగవచ్చు. అడగాలి కూడా. సిప్రో పూర్తిగా మనిషి ల్యాబ్‌లో తయారుచేసిన మందు. మట్టిలో ఏ బూజూ దాన్ని ఎన్నడూ చేయలేదు. అందుకని దాన్ని మార్చేసే ఎంజైమ్ బ్యాక్టీరియాకు ఉండదని చాలాకాలం అనుకున్నారు. 2006లో అలాంటిదే దొరికింది. జెంటామైసిన్ కుటుంబపు మందులకు ఎసిటైల్ గుంపు తగిలించి పాడుచేసే పాత ఎంజైమ్ ఒకటి, రెండే రెండు అమైనో ఆమ్లాల మార్పుతో సిప్రోను కూడా పట్టుకోవడం నేర్చింది. దాని పేరు ఏఏసీ(6')-ఐబీ-సీఆర్. సీటీఎక్స్-ఎం-15 ఉన్న ప్లాస్మిడ్ మీదే చాలాసార్లు ఇదీ కనబడుతుంది. సిప్రో పారుతున్న వాగులో బతికి బట్టకట్టిన బ్యాక్టీరియా సెఫ్‌ట్రయాక్సోన్‌ను తెంచే ఎంజైమ్‌ను కూడా వెంటబెట్టుకుని వస్తుంది, ఆ నీళ్లలో సెఫ్‌ట్రయాక్సోన్ చుక్క లేకపోయినా. ఒక్క మందుకు మీరు గేటు తెరిస్తే మా రిపోర్టులో అయిదారు మందుల ఎదురుగా 'పనిచేయదు' అని రాయాల్సి వస్తోంది.

దీనికి తోడు, శుద్ధి బాగా జరగాలని పటాన్‌చెరు ఉమ్మడి ప్లాంటులో మనుషుల మురుగును కలిపేవారు. తర్వాత శుద్ధి చేసిన నీటిని 18 కిలోమీటర్ల పైపులైను కట్టి నగర మురుగునీటి వ్యవస్థ ద్వారా అంబర్‌పేట ప్లాంటుకు పంపారు. ఇంజినీర్ల దృష్టిలో రెండూ సబబే. మా దృష్టిలో చూడండి: పేగుల్లోంచి వచ్చిన బ్యాక్టీరియాను, దాన్ని వడపోసే మందును ఒకే తొట్టిలో పోసి, వెచ్చగా ఉంచి, గాలి కొట్టారు. నేను ల్యాబ్‌లో మందుకు తట్టుకునే రకాన్ని ఏరి తీయాలంటే అచ్చంగా ఇలాగే చేస్తాను. అలాంటి ప్లాంటులోంచి తీసిన 93 రకాల బ్యాక్టీరియాను పరీక్షించిన అధ్యయనం 2013లో వచ్చింది. వాటిలో 86 శాతం 20 లేదా అంతకంటే ఎక్కువ యాంటీబయాటిక్స్‌కు లొంగలేదు. 2016 నవంబరులో జర్మన్ బృందం ఒకటి హైదరాబాద్ చుట్టుపక్కల 28 చోట్ల నీళ్లు పట్టింది. దాదాపు అన్ని నమూనాల్లోనూ ఈఎస్‌బీఎల్ లేదా కార్బపెనెమ్ తెంచే ఎంజైమ్ ఉన్న బ్యాక్టీరియా దొరికింది.

వార్డులో ఉన్న పెద్దావిడ ఒంట్లోని ఎన్‌డీఎం పటాన్‌చెరు నుంచే వచ్చిందని నేను అనడం లేదు. ఏ రోగి గురించీ అలా వేలు పెట్టి చూపించలేం. జలుబుకు యాంటీబయాటిక్ రాసే మావాళ్లున్నారు. చీటీ లేకుండా అమ్మే షాపులున్నాయి. కోళ్ల దాణాలో కలిపేవాళ్లున్నారు. కొలిస్టిన్‌ను దాణాలో వాడొద్దని కేంద్రం 2019లో చెప్పేదాకా ఆ ఆఖరి మందు కూడా కోళ్లకు తినిపించాం. చేతులు కడుక్కోకుండా ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పోయే ఆసుపత్రులున్నాయి. వాళ్లందరికీ వేరే లేఖలు రాయాలి, రాస్తాం కూడా. మీ కింద ఉన్నది మాత్రం ఈ కాలువ ఒక్కటే. పైగా మిగతా వాటాల్లో కోట్లాదిమంది అలవాట్లు మారాలి. ఇక్కడ మారాల్సింది లెక్కపెట్టగలిగినన్ని గొట్టాలు.

చట్టం సంగతికి వస్తే ఒళ్లు మండుతుంది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ముసాయిదా తెచ్చింది. బల్క్ డ్రగ్, ఫార్ములేషన్ పరిశ్రమలు వదిలే నీటిలో 121 యాంటీబయాటిక్స్‌కు పరిమితులు అందులో అంకెలతో సహా రాశారు. ప్రపంచంలో ఏ దేశమూ అప్పటికి అంత దూరం వెళ్లలేదు. 2021 ఆగస్టులో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ పట్టిక మొత్తం మాయమైంది. బీఓడీ ఉంది, సీఓడీ ఉంది, పీహెచ్ ఉంది, మందు లేదు. మందు తయారుచేసే కంపెనీ వదిలే నీటిలో మందు ఒక్కటే కొలవనక్కరలేదట.

అది ఢిల్లీ నిర్ణయం, మా చేతుల్లో లేదు అనకండి. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం 17వ సెక్షన్ వ్యర్థజలాల ప్రమాణాలు నిర్ణయించే పని రాష్ట్ర మండలికే అప్పగించింది. కేంద్ర ప్రమాణాల కంటే కఠినంగా పెట్టుకునే వీలు కూడా రాష్ట్రాలకు ఉంది. మీరిచ్చే ఆపరేషన్ అనుమతి పత్రంలో ఒక షరతు చేర్చడానికి పార్లమెంటు అక్కరలేదు.

మీ నుంచి రాగల మరో జవాబు, ఇప్పుడు పరిశ్రమలన్నీ జీరో లిక్విడ్ డిశ్చార్జి పెట్టుకున్నాయి, చుక్క నీరు బయటికి రాదు అని. రాకపోతే సంతోషం. అప్పుడు పరిమితి పెట్టడానికి ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు, రాని నీటిలో మందు ఎంతుందో చెప్పడానికి వాళ్లకు పైసా ఖర్చు కాదు. కానీ నీరు ఆవిరైపోయాక మిగిలిన బురద, ఉప్పు ఎక్కడికి పోతున్నాయి, వాటిలో మందు ఎంతుంది? వానాకాలంలో రాత్రిపూట ట్యాంకర్లు ఎక్కడ ఖాళీ అవుతున్నాయని పత్రికలు ఎందుకు రాస్తూ ఉంటాయి? చైనాతో పోటీలో నలిగిపోతున్న పరిశ్రమ మీద కొత్త భారం వేయొద్దన్న మాటా వింటాను. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను, వాళ్ల మార్జిన్లు నిజంగానే పల్చన. అయితే యాంటీబయాటిక్ తయారీదారులే చేరిన ఏఎంఆర్ ఇండస్ట్రీ అలయెన్స్ 2022లో తమకు తామే ఒక ప్రమాణం రాసుకుంది. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాల మీద మార్గదర్శకాలు విడుదల చేసింది. కొనేవాళ్లు ఇవాళ కాకపోతే రేపు ఈ కాగితం అడుగుతారు. నది నీటిలో సిప్రో లీటరుకు 0.06 మైక్రోగ్రాములు మించకూడదన్నది ఆ అలయెన్స్ పట్టికలోని అంకె. 2007లో పటాన్‌చెరులో కొలిచిన నీరు ఆ అంకెకు చేరాలంటే అయిదు లక్షల రెట్లు పల్చబడాలి.

ఇక్కడ ఒక మాట, కాస్త పక్కదారి అయినా చెప్పాలి. 2016లో పాకిస్తాన్‌లోని సింధు రాష్ట్రంలో ఒక టైఫాయిడ్ లేచింది. దాని బ్యాక్టీరియా సీటీఎక్స్-ఎం-15 ఉన్న ప్లాస్మిడ్‌ను సంపాదించుకుంది, సెఫ్‌ట్రయాక్సోన్ పనిచేయలేదు, సిప్రో పనిచేయలేదు. నోటితో వేసుకునే మందుల్లో అజిత్రోమైసిన్ మిగిలింది. అది మొదలైన ఊరు పేరు కూడా హైదరాబాదే. దాన్ని అదుపులోకి తేవడానికి అక్కడ పిల్లలకు వేసిన టీకా మన హైదరాబాద్‌లో, భారత్ బయోటెక్ తయారుచేసింది. 2019లో పాకిస్తాన్ ఆ టీకాను తన నిత్య కార్యక్రమంలో చేర్చింది. ఎంజైమ్‌ను దాటుకుని వెళ్లే దారి కనిపెట్టగల ఊరు మనది. తన గొట్టం చివర మందు ఎంతుందో కొలుచుకోలేని ఊరంటే నేను నమ్మను.

అడుగుతున్నది పెద్ద పని కాదు. యాంటీబయాటిక్స్ తయారుచేసే ప్రతి యూనిట్ అనుమతి పత్రంలో, అది తయారుచేసే మందులకు అంకెతో పరిమితి రాయండి. 2020 ముసాయిదా పట్టిక సిద్ధంగా ఉంది, కొత్తగా కమిటీ వేయనక్కరలేదు. కొలవడం ఉమ్మడి ప్లాంటు చివర కాకుండా, నీరు ఇంకొకరి నీటితో కలవకముందే యూనిట్ గేటు దగ్గర జరగాలి. కలిశాక ఎవరిదని తేల్చడం మీ వల్లా కాదు, కోర్టు వల్లా కాదు. బురదను కూడా కొలవండి. మాస్ స్పెక్ట్రోమీటర్ మీ ల్యాబ్‌లో లేకపోతే ఈ నగరంలో ఉన్న పరిశోధన సంస్థల్లో కావలసినన్ని ఉన్నాయి. ఫలితాలను బీఓడీ అంకెల పక్కనే మీ వెబ్‌సైటులో పెట్టండి, కంపెనీ పేరుతో సహా.

వచ్చే మండలి సమావేశం ఎజెండాలో ఇది ఉంటుందో లేదో చెబితే చాలు. నమూనాలు తీసే రోజు ముందుగా కబురు చేస్తే, మీవాళ్లు మందు కొలవడానికి పట్టిన నీళ్లలోంచే ఒక సీసా మాలాంటి మైక్రోబయాలజీ ల్యాబ్‌లు పట్టుకుంటాయి. అందులో ఏయే ఎంజైములు ఉన్నాయో చూసి, మీ పట్టిక పక్కన పెట్టుకునేలా మేమొక పట్టిక ఇస్తాం.

ఇట్లు,
ఒక ఆసుపత్రి మైక్రోబయాలజిస్టు
హైదరాబాద్